"నిద్ర పట్టిందా?"

పోలీస్ స్టేషన్ ఇన్‌ఛార్జ్‌గా చేరిన కొత్తలో నా గొంతే నా అధికారం అనుకునేవాణ్ణి. ఒక రాత్రి, నీళ్లలో మునిగి చనిపోయిన పిల్లాడి పంచనామాకి వెళ్లొచ్చిన కానిస్టేబుల్ రిపోర్ట్ ఆలస్యం చేశాడు. అందరి ముందూ కడిగేశాను. "సరే సార్" అన్నాడు, అంతే. పెన్ను పట్టుకున్న చెయ్యి మాత్రం వణుకుతోంది. ఆ కానిస్టేబుల్ కొడుకుదీ అదే వయసని తర్వాత స్టేషన్‌లో రికార్డులు రాసే రైటర్ చెబితే తెలిసింది.

మర్నాడు పిలిచి, రిపోర్ట్ సంగతి ఎత్తకుండా "నిద్ర పట్టిందా?" అని అడిగాను. పావుగంట మాట్లాడాడు. నేను విన్నాను. క్షమించమని అడగడానికి మాత్రం నాకు వారం పట్టింది. అహం అంత తేలిగ్గా దిగదు కదా!

భావోద్వేగ తెలివి అంటే ముందు మన భావాలనీ, ఎదుటివాళ్ల భావాలనీ గమనించడమని 1990లో పీటర్ సాలొవే, జాన్ మేయర్ అనే మనస్తత్వవేత్తలు రాశారు. పోలీసుకి తన భావాలు గమనించుకోవడమే కష్టం. టెన్షన్‌లో చూపు ఒక్కచోటే బిగుసుకుంటుంది, ఎదుటివాడి మాట సగమే చెవికెక్కుతుంది. అందుకే గొడవ జరుగుతున్న ఇంటి తలుపు తట్టేముందు మావాళ్లని ఒక్కసారి ఊపిరి నిదానంగా వదలమనేవాణ్ణి. లోపలికెళ్లాక "శాంతించు" అనొద్దనేవాణ్ణి. ఆ మాటకి శాంతించినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. "చాలా కోపంగా ఉన్నారు, ఏం జరిగింది?" అంటే ఎక్కువమంది చెప్పడం మొదలుపెడతారు. చేతిలో కత్తి ఉంటే అది వేరే లెక్క, ముందు దూరంగా ఉండాలి.

ఆ కానిస్టేబుల్ తర్వాత్తర్వాత, అలాంటి డ్యూటీ నుంచి వచ్చిన కొత్తవాళ్ల పక్కన టీ పట్టుకుని కూర్చునేవాడు. రిపోర్ట్ మాత్రం ఎప్పుడూ ఆలస్యమే.