పేగు బయాప్సీని ఉమ్మడి ల్యాబుకు పంపడం: నా అనుభవం

పేగు క్షయా (టీబీ), లేక అలాగే కనిపించే క్రోన్స్ అనే దీర్ఘకాలిక పేగు వాపు వ్యాధా అని తేల్చుకునే అధ్యయనం మాది. కర్నూలులో కొలనోస్కోపీలో (పేగులోకి కెమెరా గొట్టం పంపి చేసే పరీక్షలో) తీసిన బయాప్సీ ముక్కలను హైదరాబాదులో ఒక ఉమ్మడి పాథాలజీ, ఇమేజింగ్ ల్యాబుకు పంపే బాధ్యత నాది. సెక్షన్లు (పలుచటి పొరలు) కోయడం, రంగులు వేయడం, ఇమ్యునో (యాంటీబాడీలతో ప్రొటీన్లకు రంగు వేయడం), స్లైడు స్కానింగ్ అన్నీ అక్కడే జరుగుతాయి. అన్ని యంత్రాలు ప్రతి కాలేజీ కొనలేదు కాబట్టి ఇది మంచి ఏర్పాటే. అయితే ముక్క వాళ్ల చేతికి చేరేలోపు మన దగ్గర చెడిందంటే, దాన్ని వాళ్లు బాగు చేయలేరు.

కాగితాల పని గురించి ఒక్క మాట. ఎథిక్స్ కమిటీ అనుమతి, రెండు సంస్థల మధ్య నమూనాల బదిలీ ఒప్పందం ఉండాలి. సమ్మతి పత్రంలో 'మిగిలిన ముక్కను దాచి తర్వాత పరిశోధనకు వాడుకోవచ్చు' అన్న వాక్యం విడిగా ఉండాలి. అది లేకపోతే మళ్లీ ఒక్కొక్క పేషెంటు దగ్గరికీ వెళ్లాలి. సీసాల మీద పేరు వద్దు, అధ్యయన నంబరు చాలు. ఏ నంబరు ఎవరిదన్న పట్టిక ఇక్కడే, తాళం కింద.

ఇక సీసాలు. మేము మొదట్లో చేసిన పెద్ద తప్పు, తీసిన ముక్కలన్నీ ఫార్మలిన్‌లో (ముక్క కుళ్లకుండా గట్టిపరిచే ద్రావణంలో) వేసేయడం. ఫార్మలిన్ క్షయ క్రిములను చంపేస్తుంది, ఇక కల్చర్‌లో (క్రిములను పెంచి చూసే పరీక్షలో) ఏం పెరుగుతుంది? పరిశోధన కోసమని పేషెంటును మళ్లీ కొలనోస్కోపీకి రమ్మనడం ధర్మం కాదు. ఇప్పుడు ట్రాలీ మీద ముందే రెండు రకాల సీసాలు పెడతాం. కల్చర్‌కూ, జీన్‌ఎక్స్‌పర్ట్‌కూ (క్షయ క్రిమి డీఎన్ఏను పట్టే పరీక్షకూ) వెళ్లే ముక్కలు కొద్దిగా స్టెరైల్ సెలైన్‌లోకి, మిగిలినవి ఫార్మలిన్‌లోకి. సెలైన్ సీసా ఆ రోజే టీబీ ల్యాబుకు చేరాలి. మూతల రంగు వేరుగా ఉంటే హడావిడిలో కూడా నర్సు పొరబడదు.

ఫార్మలిన్ మేమే కలుపుతాం. బజారులో దొరికే ఫార్మాల్డిహైడ్ ద్రావణం 100 మిల్లీలీటర్లు, డిస్టిల్డ్ వాటర్ 900 మిల్లీలీటర్లు, మోనోబేసిక్ సోడియం ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నీరు లేని డైబేసిక్ సోడియం ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. లవణాలు ఎందుకని కొందరు వదిలేస్తారు. వదిలేస్తే ద్రావణం ఆమ్లంగా మారి, రక్తం ఉన్న చోటల్లా గోధుమ-నలుపు రంగు రేణువులు పేరుకుంటాయి. స్లైడు స్కాన్ చేశాక కంప్యూటరు వాటిని కణాలుగా లెక్కపెట్టే ప్రమాదం ఉంది. ముక్కల పరిమాణానికి కనీసం 10 రెట్లు ఫార్మలిన్ పోయాలి.

నానే సమయం 6 నుంచి 24 గంటలు. తక్కువైతే ముక్క లోపల గట్టిపడదు. రోజుల తరబడి వదిలేస్తే ప్రొటీన్లు గట్టిగా పెనవేసుకుపోయి ఇమ్యునో రంగు పాలిపోతుంది. శనివారం మధ్యాహ్నం తీసిన ముక్క సోమవారం దాకా సీసాలోనే ఉండిపోతుంది కదా! అందుకే పారఫిన్ బ్లాకులు (ముక్కను మైనంలో పొదిగిన దిమ్మలు) ఇక్కడే చేసి పంపుతున్నాం, ల్యాబు వాళ్లకూ అదే నయం. ముక్కను ఫార్మలిన్‌లో వేసేముందు చిన్న ఫిల్టర్ పేపరు మీద పేగు లోపలి పొర పైకి ఉండేలా పరిస్తే బ్లాకులో నిలువుగా నిలబెట్టడం తేలిక. అడ్డదిడ్డంగా కోస్తే చిన్నపేగు విల్లైలు (లోపలి పొర మీది వేళ్లలాంటి మొలకలు) పొట్టిగా కనిపించి లేని జబ్బు ఉందనిపిస్తాయి.

మన ఏప్రిల్, మే ఎండలు బ్లాకులకు శత్రువులు. మైనం కరిగేది 56 నుంచి 60 డిగ్రీల దగ్గర. కానీ అంతకు ముందే మెత్తబడి పక్క బ్లాకుకు అతుక్కుంటుంది. ఒక్కో బ్లాకును విడి కవరులో పెట్టి థర్మాకోల్ పెట్టెలో సర్దుతాం. చల్లటి జెల్ ప్యాకు పెడతాం గానీ బ్లాకులకు తగలనివ్వం, మరీ చల్లబడితే మైనం చీలుతుంది. రాత్రి బస్సు పార్సిల్లో వేస్తే సుమారు 210 కిలోమీటర్లు చల్లగా దాటుతుంది.

ల్యాబు ఫారంలో 'హెచ్ అండ్ ఈ (మామూలుగా వేసే రంగు) చేయండి' అని రాస్తే సరిపోదు. మందం 4 మైక్రాన్లు అనీ, ఎన్ని లెవెల్స్‌లో (ముక్కలో ఎన్ని లోతుల్లో) కోయాలో, క్షయ క్రిముల కోసం జీల్-నీల్సన్ రంగు కావాలో, ఇమ్యునోకు సెక్షన్ గట్టిగా అంటుకునే చార్జ్డ్ స్లైడ్లు వాడాలనీ రాయాలి. మామూలు గాజు మీద సెక్షన్ వేడికి ఊడిపోతుంది. లెవెల్స్ ఎందుకంటే, గ్రాన్యులోమా (రక్షణ కణాలు గుమిగూడిన చిన్న గడ్డ) మొదటి కోతలో కనబడక మూడో కోతలో దొరకవచ్చు. పెద్దవి, ఒకదానితో ఒకటి కలిసినవి, మధ్యలో కేసియేషన్ (జున్నులా చచ్చిపోయిన భాగం) ఉన్నవి క్షయ వైపు చూపిస్తాయి. చిన్నవి, విడివిడిగా ఉన్నవి క్రోన్స్ వైపు. కాబట్టి కొలత ముఖ్యం. 40 ఎక్స్‌లో స్కాన్ చేస్తే ఒక్కో పిక్సెల్ సుమారు 0.25 మైక్రాన్. ఫైలును స్కానరు ఇచ్చిన రూపంలోనే అడగండి. జేపెగ్‌గా మార్చి ఇస్తే ఆ కొలత పోతుంది, క్యూపాథ్ అనే స్లైడు కొలతల సాఫ్ట్‌వేర్‌లో గీత గీసినా మైక్రాన్లు రావు.

చివరిగా, అన్ని స్లైడ్లూ ఒక్కసారే కోయించుకోండి. బ్లాకును మైక్రోటోమ్‌లో (సెక్షన్లు కోసే యంత్రంలో) మళ్లీ బిగించిన ప్రతిసారీ ముఖం సమం చేయడానికి కొంత కణజాలం పోతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల ముక్క అలా రెండు మూడు సార్లలో అయిపోతుంది. మేము రంగు వేయని స్లైడ్లు 10 అదనంగా కోయించి, పెన్సిలుతో నంబరు రాయించి, ఫ్రిజ్‌లో ఉంచుతాం. పెన్నుతో రాస్తే, మైనాన్ని తొలగించడానికి వాడే జైలీన్‌లో చెరిగిపోతుంది.