మాట దొరకని రోజులు
మైగ్రేన్ రాకుండా రోజూ వేసుకునే టోపిరామేట్ అనే మాత్ర మొదలుపెట్టి ఆరు వారాలు. నెలకు పన్నెండు రోజులు పట్టే తలనొప్పి ఈసారి నాలుగు రోజులే వచ్చింది. కానీ వేళ్ల చివర చీమలు పాకినట్టు తిమ్మిరి, సోడా తాగితే చప్పదనం. అన్నిటికంటే బాధ, మాటలు దొరక్కపోవడం. నిన్న వంటింట్లో "అమ్మా, అది... పప్పు కలిపేది" అన్నాను. గరిటె అన్న మాట ఎంతకీ రాలేదు. అమ్మ ఏమీ అనకుండా చేతికిచ్చింది. నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి.

భయమేసి మానేద్దామనుకున్నా. ఒక్కసారిగా ఆపొద్దని డాక్టర్ గారు 50 మిల్లీగ్రాముల నుంచి 25కి తగ్గించారు. కిడ్నీలో రాళ్లు రాకుండా నీళ్లు బాగా తాగమన్నారు. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, అంతకు మించి వాడుతూ పోతే వాటివల్లే తలనొప్పి వస్తుందట. ఇన్నేళ్లూ నేను చేసింది దాదాపు అదే! ఇప్పుడు నొప్పి మాత్ర వేసుకున్న ప్రతిరోజూ క్యాలెండర్‌లో సున్నా చుడుతున్నా. ఈ నెల ఇప్పటికి మూడు.