షెల్బీవిల్‌లో ఒక రాత్రి, మర్నాడు పొద్దున

మా నాన్న ఎద్దుల మనిషి. అద్దంకి దగ్గర మా ఊళ్ళో ఆయన మేపిన ఒంగోలు గిత్తలు సంక్రాంతికీ, తిరునాళ్ళకీ బండలాగుడు పోటీలకు వెళ్ళేవి. ఇప్పుడు కొట్టంలో గొడ్లు లేవు గానీ ఆయన చూపు మాత్రం పోలేదు. టీవీలో ఏ జంతువు కనపడినా ముందు దాని కాళ్ళే చూస్తాడు. నాష్‌విల్‌లో మా ఇంటికొచ్చి నెల తిరిగేసరికి గణేశుడి గుడి, ఇండియన్ స్టోరు, పార్కు అన్నీ అయిపోయాయి. "ఈ దేశంలో గొడ్డూ గోదా చూడాలంటే ఎక్కడికి పోవాలమ్మాయ్?" అని అడిగాడు. అలా ఆగస్టు నెలాఖరు శనివారం ఇద్దరం షెల్బీవిల్ బయల్దేరాం.

మర్‌ఫ్రీస్‌బరో దాకా ఐ-24, అక్కణ్ణుంచి 231 రోడ్డు. మొత్తం గంట ప్రయాణం. దారి పొడుగునా పచ్చటి మిట్టలు, చుట్టలు చుట్టిన ఎండుగడ్డి, నీడన నిలబడ్డ గుర్రాలు. షెల్బీవిల్ టెన్నెసీ వాకింగ్ హార్స్ అనే గుర్రాల జాతికి రాజధాని లాంటిది. 1939 నుంచి ఏటా అక్కడ 'సెలబ్రేషన్' పేరుతో పెద్ద పోటీలు జరుగుతాయి. లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) ముందు శనివారం రాత్రి ఆఖరి పోటీలో ప్రపంచ ఛాంపియన్‌ని తేలుస్తారు. మేం వెళ్ళింది ఆ రాత్రికే. ఈ పోటీల వెనక ఉన్న గొడవంతా నేను ముందే చదివాను. నాన్నకి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పకుండా ఆయన కళ్ళతో చూద్దామనుకున్నాను.

ముందు పక్కనే ఉన్న వార్‌ట్రేస్ అనే చిన్న ఊరికి వెళ్ళాం. రైలు పట్టాల పక్కన పాత హోటలు, దాని వెనక స్ట్రోలింగ్ జిమ్ సమాధి. 1939లో మొట్టమొదటి ఛాంపియన్ ఆ గుర్రమే. గుర్రానికి సమాధి కట్టారని చెప్పగానే నాన్న చెప్పులు విప్పి నిలబడ్డాడు.

ఊరు దాటుతుండగా ఒక కంచె లోపల ముసలాయన ఒకరు గుర్రం మీద వెళ్తున్నారు. మామూలు లాడాలు, మామూలు జీను. కారు ఆపమన్నాడు నాన్న. ఈ జాతి గుర్రం నడకే వేరు. నాలుగు కాళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి నేలను తాకుతాయి. వెనక గిట్ట ముందు గిట్ట జాడను దాటి పడుతుంది. ఆ వరసకు తగ్గట్టు తల కిందికీ పైకీ ఆడుతుంది. మీదున్న మనిషి మాత్రం కదలడు. ఒకప్పుడు ప్లాంటేషన్ల వాళ్ళు రోజంతా పొలాల వెంట తిరగడానికి ఇలాంటి గుర్రాల్నే ఎంచుకునేవాళ్ళు. నాన్న కంచె పట్టుకుని చాలాసేపు చూశాడు. "నెత్తిన నీళ్ళబిందె పెట్టుకుని కూర్చున్నా తొణకదు. ఇది నేర్పితే వచ్చే నడక కాదమ్మా, పుట్టుకతో వచ్చింది" అన్నాడు. ముసలాయన మమ్మల్ని చూసి టోపీ తీశారు.

రాత్రి ఏడింటికల్లా స్టాండ్లో కూర్చున్నాం. లైట్లు, సంగీతం, పిల్లాపాపలతో కుటుంబాలు. పాప్‌కార్న్ వాసన. అచ్చం తిరునాళ్ళే. మొదట మామూలు లాడాల గుర్రాలు వచ్చాయి. నాన్న కాలు మీద కాలేసుకుని హాయిగా చూశాడు.

తర్వాత 'బిగ్ లిక్' గుర్రాలు వచ్చాయి.

వాటి ముందు గిట్టల కింద బెత్తెడు మందాన ప్యాడ్లు. ఊడిపోకుండా గిట్ట మీదుగా ఇనప పట్టీ. గిట్టకు పైన, కాలు సన్నబడే చోట గొలుసు. అడుగు పడ్డప్పుడల్లా ఆ గొలుసు జారి చర్మానికి కొట్టుకుంటుంది. ముందు కాళ్ళు ఛాతీ దాకా లేస్తున్నాయి. వెనక భాగం కూలబడ్డట్టు కిందికి దిగిపోయింది. జనం లేచి నిలబడి ఈలలు వేస్తున్నారు. కాలు ఎంత పైకి లేస్తే అంత గోల.

నాన్న చప్పట్లు కొట్టలేదు. ముందుకు వంగి, మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి చూస్తున్నాడు. కాసేపటికి నా వైపు తిరిగాడు.

"బరువంతా వెనక్కాళ్ళ మీదే మోస్తా ఉంది. ముందుకాలు నేలకి ఆన్చడానికి భయపడతా ఉంది. నిప్పుల మీద నడిచినట్టు నడుస్తందేందమ్మా ఇది?"

అప్పుడు చెప్పాను.

ఇలాంటి నడక తెప్పించడానికి కాళ్ళకు నొప్పి పెట్టడాన్ని సోరింగ్ అంటారు. గొలుసు తగిలే చోట చర్మానికి ఆవనూనె, కిరసనాయిలు, డీజిల్ లాంటివి పూసి, ప్లాస్టిక్ చుట్టి, రోజుల తరబడి నాననిస్తారు. ఆ పచ్చి పుండు మీద గొలుసు వేసి నడిపిస్తారు. కాలు నేలకు తగిలితే మంట కాబట్టి గుర్రం కాలు చటుక్కున ఎత్తేస్తుంది. చూసేవాళ్ళకు అది దర్జాగా కనపడుతుంది. ఇంకో పద్ధతి గిట్టను లోపల పచ్చి తేలేదాకా చెక్కేసి, ప్యాడుకూ అరికాలికీ మధ్య గట్టి వస్తువేదో ఇరికించడం. సగానికి కోసిన గోల్ఫ్ బంతులు కూడా దొరికాయి.

ఆవనూనె అన్న మాట దగ్గరే నాన్న ఆగిపోయాడు. మా నాయనమ్మ మోకాళ్ళ నొప్పులకి ఆవపిండి పట్టు వేసుకునేది. పావుగంట దాటనిచ్చేది కాదు, బొబ్బలు లేస్తాయని. "పుండు మీద కారం చల్లడమని మనం మాటవరసకి అంటాం, వీళ్ళు చేసే చూపించారు" అన్నాడు.

ఇదంతా నేరమే. 1970లోనే అమెరికా హార్స్ ప్రొటెక్షన్ చట్టం చేసింది. 1976 సవరణ తర్వాత తనిఖీ చాలావరకు పోటీలు నడిపేవాళ్ళ సొంత మనుషుల చేతుల్లోకి వెళ్ళింది. దొంగ చేతికే తాళం ఇచ్చినట్టయింది. గొలుసు ఆరు ఔన్సులు, అంటే 170 గ్రాములు మించకూడదని నియమం. కానీ ఆ గొలుసునీ ప్యాడునీ మాత్రం నిషేధించలేదు. 2006లో ప్రభుత్వ పశువైద్యులు గట్టిగా పట్టుకునేసరికి తనిఖీ దాటిన గుర్రాలు చాలక ఆ ఏడు ఛాంపియనే లేకుండా పోయింది. 2012లో ఒక పేరున్న ట్రైనర్ శాలలో రహస్యంగా తీసిన వీడియో టీవీలో వచ్చింది. లేవలేక పడి ఉన్న గుర్రాన్ని కొట్టడం దేశమంతా చూసింది. పెప్సీ స్పాన్సర్‌షిప్ మానుకుంది. ఆ ట్రైనర్‌కి పడింది మూడేళ్ళ ప్రొబేషన్, 75 వేల డాలర్ల జరిమానా. ప్యాడ్లనీ గొలుసుల్నీ నిషేధించే బిల్లు 2019లో, మళ్ళీ 2022లో ప్రతినిధుల సభ దాటింది గానీ సెనేట్ దాటలేదు. 2024లో వ్యవసాయ శాఖ అవే నిషేధిస్తూ నియమాలు తెచ్చింది. 2025 జనవరిలో టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు వాటిలో ముఖ్యమైనవి కొట్టేసింది.

ఆ రాత్రి బరిలో ఉన్న ఏ గుర్రాన్ని ఎవరు ఏం చేశారో నేను చూడలేదు. తనిఖీ దాటే లోపలికొచ్చాయి. కానీ ఆ నడకకే మార్కులు వేస్తున్నంత కాలం, ఆ నడకను దగ్గరదారిన తెప్పించేవాళ్ళు ఉంటూనే ఉంటారు. తప్పు ట్రైనర్ ఒక్కడిదేనని నేను అనుకోను. ఈల వేసిన నోళ్ళు వందల కొద్దీ ఉన్నాయి అక్కడ.

ఛాంపియన్ ఎవరో తేలకముందే లేచి వచ్చేశాం. మర్‌ఫ్రీస్‌బరోలో లాడ్జి తీసుకున్నాం. కార్లో నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయనే మొదలుపెట్టాడు. "మనమూ తక్కువేం కాదు. ఒక్క అడుగు ఎక్కువ లాగాలని ముల్లుకర్రతో పొడిచేవాళ్ళం. తొడ మీద రక్తం చిమ్మితే పసుపు అద్ది మళ్ళీ కట్టేవాళ్ళం. రామయ్యతో మూడుసార్లు కప్పు కొట్టాను. దాని తొడ మీద మచ్చలు నువ్వు చూళ్ళేదు, చిన్నపిల్లవి." రామయ్య మా గిత్త. దాన్ని అమ్మిన రోజు ఆయన అన్నం తినలేదని అమ్మ చెప్పేది. ఈ సంగతి మాత్రం మొదటిసారి విన్నాను. ఏమనాలో తెలీక రోడ్డు చూస్తూ నడిపాను.

పొద్దున్నే ఇంకో చోటికి వెళ్ళాల్సి ఉంది. ఇలాంటి గుర్రాల్ని తెచ్చుకుని సాకే ఆవిడ ఒకరు షెల్బీవిల్‌కి కొంచెం దూరంలో ఉంటారు. ముందే మెయిల్ రాసి రమ్మనిపించుకున్నాను. ఇరవై ఎకరాల బయలు, రేకుల కొట్టం, పదకొండు గుర్రాలు. ఒక నల్ల గుర్రాన్ని చూపించారు. పదిహేడేళ్ళది. ప్యాడ్లు తీసేసి నాలుగేళ్ళయింది.

ముందు కాళ్ళ వెనక వైపు, గిట్టకు పైన వెంట్రుకలు లేవు. చర్మం ముడతలు పడి, ఎండిపోయిన చెరువు మట్టిలా గట్లు గట్లుగా ఉంది. నాన్న ఆవిడ వైపు చూసి సైగతో అనుమతి అడిగాడు. ముందు దాని మెడ నిమిరాడు, భుజం నిమిరాడు, అప్పుడు వంగి చేయి మెల్లగా కాలి కిందకి జార్చాడు.

గుర్రం బిగుసుకుపోయింది. ఊపిరి కూడా బిగబట్టింది. కన్ను గోడకేసి నిలిచిపోయింది, చెవి కూడా కదలలేదు.

"ఎంత బుద్ధిగా నిలబడిందో" అన్నాను నేను.

ఆవిడ తల అడ్డంగా ఊపారు. తనిఖీలో వైద్యులు సరిగ్గా అక్కడే బొటనవేలితో నొక్కి చూస్తారు. నొప్పికి కాలు లాక్కుంటే పోటీలోంచి తీసేస్తారు. అందుకని శాలలోనే దొంగ తనిఖీ పెడతారట. ఒకడు పుండు నొక్కుతాడు. గుర్రం కదిలితే ఇంకొకడు తల మీద బాదుతాడు. కదలకపోతే దెబ్బ ఉండదు. ఎంత మండినా రాయిలా నిలబడాలని అది అలా నేర్చుకుంటుంది.

నేనది తెలుగులో చెప్పగానే నాన్న గభాల్న చేయి తీసేశాడు. నిప్పు తగిలినట్టు తీశాడు. రెండడుగులు వెనక్కి వేసి, జేబులోంచి బెల్లం ముక్క తీశాడు. ఇంటి నుంచి పొట్లం కట్టుకొచ్చిన సంగతి నాకు తెలీదు. ఆవిణ్ణి అడిగి అరచేతిలో పెట్టి చాపాడు. గుర్రం మొదట వాసన చూసింది, తర్వాత పెదవులతో అందుకుంది. అలా అరగంట. ఆయన ఎద్దులతో మాట్లాడే మాటలేవో దాని చెవిలో చెబుతూనే ఉన్నాడు.

చివరికి మళ్ళీ వంగాడు. ఈసారి మచ్చల జోలికి పోలేదు, మోకాలి దగ్గరే రెండు వేళ్ళు ఆనించాడు. గుర్రం ఒక్కసారి విదిలించి కాలు వెనక్కి లాక్కుంది.

నేను భయపడ్డాను. ఆవిడ మాత్రం నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వారు. కొత్తవాళ్ళ దగ్గర అది కాలు లాక్కోవడం తను చూడటం ఇదే మొదటిసారి అన్నారు.

నాన్నకి ఇంగ్లీషు రాదు. నేను చెప్పకముందే ఆయనకు అర్థమైంది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, "లాక్కో నాయనా, లాక్కో" అంటున్నాడు.