తండ్రి బట్టలు చింపుకున్నాడు, కొడుకు గ్రంథం కోశాడు

రోజూ బైబిల్లో మూడు నాలుగు అధ్యాయాలు చదివేవాళ్లు మన సంఘాల్లో తక్కువేమీ లేరు. చదివినదానికి టిక్కు పెట్టుకుంటాం, నచ్చిన వచనం స్టేటస్‌లో పెడతాం, పనిలో పడిపోతాం. ఏడాది తిరిగేసరికి ఆదికాండం నుంచి ప్రకటన దాకా పూర్తవుతుంది. కోపం మాత్రం పోయినేడు ఎంత ఉందో అంతే ఉంటుంది. ఇంట్లోవాళ్లతో మాట అంతే కరుకుగా ఉంటుంది. వాక్యంలో బలం లేకనా ఇలా జరుగుతోంది?

యూదా రాజు యోషీయా ఏలుబడిలో 18వ ఏట యెహోవా మందిరంలో ధర్మశాస్త్రగ్రంథం దొరికింది. దేవుని మందిరంలోనే దేవుని మాట మరుగున పడి ఉంది! శాస్త్రి షాఫాను చదివి వినిపించగానే రాజు దుఃఖంతో తన బట్టలు చింపుకున్నాడు. పితరులు వినలేదని చెప్పి ఊరుకోలేదు. తన కోసం, ప్రజల కోసం యెహోవా దగ్గర విచారించమని మనుషుల్ని పంపాడు.

ఆయన కొడుకే, తర్వాత రాజైన యెహోయాకీము. శీతకాలపు నగరులో కూర్చుని ఉన్నాడు, ముందు కుంపటి రగులుతోంది. ప్రవక్త యిర్మీయా చెప్పగా ఆయన లేఖికుడు బారూకు రాసిన గ్రంథాన్ని యెహూది అనే అతను చదువుతున్నాడు. మూడు నాలుగు పుటలు కాగానే రాజు చాకుతో కోసి కుంపటిలో వేశాడు. అలా గ్రంథమంతా కాలిపోయింది. షాఫాను కుమారుడు గెమర్యా వద్దని బతిమాలినా వినలేదు. అక్కడున్నవాళ్లు భయపడలేదని, తమ బట్టలు చింపుకోలేదని యిర్మీయా 36:24 ప్రత్యేకంగా చెబుతుంది. అది చదివినప్పుడల్లా నాకు యోషీయాయే కళ్లముందు నిలుస్తాడు.

చూడండి, యెహోయాకీము కూడా వాక్యం విన్నాడు. పుట తర్వాత పుట విన్నాడు.

మనం కుంపటిలో వేయం. కానీ చాకు మన చేతిలోనూ ఉంది. ఆదరించే వచనం ఉంచుకుని, గద్దించే వచనం దాటేస్తాం. “ఇది ఫలానావారికి సరిగ్గా సరిపోతుంది” అనుకుంటూ చదువుతాం. ప్రతి లేఖనమూ ఖండించడానికీ తప్పు దిద్దడానికీ ప్రయోజనకరమని పౌలు తిమోతికి రాస్తే, ఆ రెండూ మనకు అక్కర్లేదన్నట్టు బతుకుతాం. పౌలు అదే చోట చెప్పిన నీతియందు శిక్ష, అంటే నీతిలో శిక్షణ, అక్కడే కదా మొదలయ్యేది!

మా అమ్మ ఒకరోజు తెల్లవారుజామున మత్తయి 5వ అధ్యాయం చదువుతోంది. బలిపీఠం ఎదుట అర్పణ విడిచిపెట్టి ముందు సహోదరునితో సమాధానపడమన్న చోట ఆగిపోయింది. పుస్తకం మూసి, చాలాకాలంగా మాటల్లేని మా పిన్ని దగ్గరికి వెళ్లింది. మిగతా అధ్యాయం ఆ రోజు చదవనే లేదు. నా దృష్టిలో అంతకన్నా బాగా చదవడం లేదు.

ఇలా చేసి నీతిని సంపాదించుకుంటామని కాదు. క్రీస్తు మనకు నీతి అయ్యాడు, అది కృప. అయితే ఆయన ఇచ్చిన జీవం ఫలించాలి. యేసుక్రీస్తు వలననైన నీతిఫలములతో మీరు నిండాలని పౌలు ఫిలిప్పీయుల కోసం ప్రార్థించాడు. ఆ ఫలం ఎలా ఉంటుందో యిర్మీయా 22లో ప్రభువే యెహోయాకీముతో అన్నాడు: నీ తండ్రి దీనులకు, దరిద్రులకు న్యాయం జరిగించాడు, నన్ను తెలుసుకోవడమంటే అది కాదా? జీతమియ్యకుండా పొరుగువాడితో పని చేయించుకుని మేడగదులు కట్టించుకుంటున్న కొడుకుతో అన్న మాట అది.

కాబట్టి ప్రియులారా, రేపు కొంచెమే చదవండి. “ప్రభువా, ఈ రోజు నాలో ఏది దిద్దుతావు?” అని అడిగి చదవండి. గుచ్చుకున్న వచనం దగ్గర ఆగండి, కింది వచనానికి పరుగెత్తకండి. అది ఎవరి ముఖాన్ని గుర్తుచేస్తే వారి దగ్గరికి ఆ రోజే వెళ్లండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే యిర్మీయా 22 తెరవండి. 13వ వచనం దగ్గర ఆగి, మీ దగ్గర పనిచేసినవారికి ఇవ్వాల్సింది ఇంకా మీ చేతిలో ఉందేమో చూసుకోండి. ఉంటే గ్రంథం అక్కడ మూసి, ముందు అది ఇచ్చి రండి.