ఇసుకలో ఆగిన చక్రాలు

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. చదువు, ఉద్యోగాలతో పాటు వినోదంలోనూ, క్రీడల్లోనూ సమాన అవకాశం ఉండాలని అందులో స్పష్టంగా రాసి ఉంది. మా మేనత్తను శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం తీరానికి తీసుకువెళ్లిన రోజున ఆ మాట గుర్తుకొచ్చింది.

దారిలో మరుగుదొడ్డికి ఇబ్బంది అవుతుందని ఆమె ఉదయం నుంచి నీళ్లు ముట్టలేదు. గట్టి నేల ఉన్నంతవరకు సాగిన చక్రాల కుర్చీ, ఇసుకలోకి దిగగానే ముందరి చిన్న చక్రాలు కూరుకుపోయి నిలిచిపోయింది. "నన్నిక్కడ ఉంచేసి మీరెళ్లి రండిరా" అని ఆమె అన్నా తమ్ముడు వినలేదు. కుర్చీని వెనక్కి తిప్పి, బరువంతా పెద్ద చక్రాల మీద పడేలా వాల్చి, నీటి అంచు దాకా లాక్కెళ్లాడు. నడుం పట్టేసిందనుకోండి, అది వేరే సంగతి.

ఇసుక మీద పరిచే గట్టి చాప ఉంటే ఈ అవస్థ ఉండదు. ర్యాంపుకు 1 అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవు ఉండాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతుంటే, మనవాళ్లు నిటారుగా సిమెంటు పోసి సరిపెడతారు. దాని మీద ఎక్కేవి మోటారు సైకిళ్లే.

అదే జిల్లాలోని శాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాల వంటి చోట ఇలాంటి ఏర్పాట్లు కష్టమే, ఒప్పుకుంటాను. పక్షుల విడిదిగా పేరున్న తేలినీలాపురంలో మాత్రం గూడబాతులు (పెలికాన్లు) ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కడతాయి కనుక, అక్కడ కావలసింది చదునైన బాట, కూర్చునే నీడ, చూపులేని వారికి ఏ అరుపు ఏ పక్షిదో చెప్పగలిగే ఒక మనిషి.