అరకు వలిసె చేలు: పసుపుతో పడ్డ పాట్లు

అరకు కొండల్ని నీటిరంగుల్లో వెయ్యడం పెద్ద పనేం కాదు. అసలు తంటా వాటి కింద పూసిన వలిసె (పసుపు పూల నూనెగింజల పంట) చేలది. బొమ్మ పూర్తయినా ఆ పసుపు మీద మంట ఇంకా చల్లారలేదు.

కాగితం 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే మందపాటిది), కోల్డ్ ప్రెస్డ్ (పైన కాస్త గరుకు), నాలుగు పక్కలా టేపు. షాపువాళ్లు వాటర్ కలర్ పేపరని అంటగట్టే పల్చటి డ్రాయింగ్ షీటు మాత్రం కొనకండి. రెండో పూతకే ఉబ్బి, రంగంతా గుంటల్లో చేరుతుంది. ఆకాశం తడి మీద తడి, అంటే కాగితం తడిపి ఆ తడి మీదే రంగు. దిగువన కాస్త ఎల్లో ఆకర్ (మట్టి పసుపు). అంతే.

కొండలు నాలుగు వరసలు. అన్నిటికన్నా వెనకదానికి సెరూలియన్ బ్లూలో చుక్క అలిజరిన్ క్రిమ్సన్ (ముదురు ఎరుపు), నీళ్లు బాగా ఎక్కువ. ముందుకొచ్చేకొద్దీ నీళ్లు తగ్గించి అల్ట్రామెరైన్ (ముదురు నీలం), బర్న్ట్ సియన్నా (ఎర్ర గోధుమ) పెంచాను. ఒక వరస పూర్తిగా ఆరాకే తర్వాతది. కొండ అడుగున రంగు తడిగా ఉండగానే శుభ్రమైన తడి కుంచెతో అంచు చెరిపితే మంచు దానంతటదే వస్తుంది. సగం ఆరాక నీళ్లు తగిలాయో, కాలీఫ్లవర్ లాంటి మరక ఖాయం.

ఇక పసుపు. దూరపు చేనుకి ట్యూబులోని లెమన్ ఎల్లో వేస్తే అది కొండల్ని వదిలేసి ముందుకొచ్చి కూర్చుంటుంది. నీళ్లు కలిపినా లాభం లేదు, పల్చబడుతుందే గానీ వేడి తగ్గదు. దూరమంటే నీలమేగా అని నీలం కలిపితే పచ్చిక మొలుస్తుంది, పూలు మాయం. పని చేసేది ఊదా. అల్ట్రామెరైన్, అలిజరిన్ కలిపి ఊదా చేసుకుని, కుంచె కొనకి అంటినంత ఎల్లో ఆకర్‌లో వెయ్యాలి. పసుపు పొగరు తగ్గి గంధం రంగుకి దిగుతుంది. పాలెట్‌లో మురికిలా ఉంటుంది, కంగారుపడి పారబోయకండి. పక్కన ముందు చేను పడగానే అదే పసుపుగా కనిపిస్తుంది. మధ్య చేనుకి ఊదా అందులో సగం. ముందు చేనుకి అసలు వద్దు: చిక్కటి లెమన్ ఎల్లో, అది ఆరాక మొదళ్ల దగ్గర సాప్ గ్రీన్ నీడలు. విడి పూలు ఇక్కడే చూపించాలి. దూరపు చేనులో ఒక్క పువ్వు గీసినా దూరం పోయినట్టే. కొండకి నీలం, పొలానికి ఆకుపచ్చ అని బళ్లో నేర్పి వదిలేస్తారు గానీ, ఆ పొలం ఎంత దూరాన ఉందని ఒక్క మాస్టారూ అడగడు!

ముందరి పెంకుటింటి కప్పుకి బర్న్ట్ సియన్నా, పెంకుల వరసలతో సహా. వెనక ఇళ్లకి అదే రంగులో కాస్త నీలం, ఒక్కో మచ్చ చాలు. నల్ల ట్యూబు ముట్టుకోకండి, అల్ట్రామెరైన్‌కి బర్న్ట్ సియన్నా కలిస్తే కావలసినంత నలుపు. ఆ ముదురు నీడ ముందరి ఇంటి వసారా కిందే, ఇంకెక్కడా వద్దు. ఆరితే రంగు కొంత వెలుస్తుంది కాబట్టి అక్కడ మోతాదు కాస్త ఎక్కువే పెట్టండి.