బేస్ ఎటు పోయినట్టు?

ఆదివారం, రాత్రి పదిన్నర.

పొద్దున ఇడ్లీలు తిని, ప్లేటు సింకులో పడేసి, డైనింగ్ టేబుల్ మీద నిన్నటి పేపర్ పరిచాను. అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి "మళ్లీ ఏం విప్పుతున్నావే?" అంది. ఆ 'మళ్లీ'లో నిరుడు నేను విప్పి, తిరిగి బిగించలేక చేతులెత్తేసిన మిక్సీ ఉంది. వినపడనట్టు ఊరుకున్నాను.

ఈసారి వంతు నా హెడ్‌ఫోన్స్‌ది. క్లోజ్డ్ బ్యాక్ అంటారే, చెవి మొత్తాన్ని మూసేసి వెనక డొప్ప కూడా మూసుకుని ఉండే రకం. బయటి గోల లోపలికి పెద్దగా రాదు, మన పాట పక్కవాళ్లకి అంతగా వినపడదు. నాలుగేళ్ల కిందట కొన్నాను. కంపెనీ పేరు రాయను. మూడు నెలలుగా వాళ్లని తిట్టుకుంటున్నాను, ఆ తిట్లలో న్యాయం లేదని ఇవాళ సాయంత్రానికి తేలింది.

నా ఫిర్యాదు ఒక్కటే, బేస్ లేదు, అదే, కింది స్థాయి లావు శబ్దం. ఎనభైల నాటి సినిమా పాటలు నేను వినేదే కింద నడిచే బేస్ గిటార్ కోసం. పైన గొంతులూ వయొలిన్లూ వాటి గొడవలో అవి ఉంటే, అది కింద తన దారిన తాను నడుచుకుంటూ పోతుంది. మామూలు బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగని వదిలేసి మీటితే 41 హెర్ట్జ్, అంటే సెకనుకి 41 సార్లు ఊగుతుంది. ఒకప్పుడు ఇదే హెడ్‌ఫోన్స్‌లో అది దవడ దాకా తెలిసేది. ఈమధ్య పక్క ఫ్లాట్లో ఎవరో వాయిస్తున్నట్టుంది. డబ్బా మీద మాత్రం 20 నుంచి 20,000 హెర్ట్జ్ అని గొప్పగా రాసి ఉంటుంది. ఆ 20 దగ్గర ఎంత గట్టిగా వినిపిస్తుందో రాయరు, ఉట్టి అంకె వేసి వదిలేస్తారు.

తమ్ముడికి ఫోన్ చేస్తే "ఈక్వలైజర్‌లో బేస్ పెంచుకోవచ్చుగా అక్కా, ఇదంతా ఎందుకు" అన్నాడు. పెంచి చూశాను, చూడకుండా ఎలా ఉంటాను. మొత్తం లాగితే గరగరమంటూ చీదుతుంది. చిల్లు బిందెలో ఇంకో చెంబు పోసినట్టు. అప్పటికి ఆ పోలిక ఎంత సరిపోతుందో నాకే తెలీదు.

చెవి మెత్తలు అంచు పట్టుకుని లాగితే వచ్చేస్తాయి. వాటి కింద నాలుగు బుల్లి స్క్రూలు. మొబైల్ రిపేర్ స్క్రూడ్రైవర్‌తో తీసి, టీ గ్లాసు మూతలో వేసుకున్నాను. డొప్ప విడదీశాక కాస్త నిరాశగానే అనిపించింది. 40 మిల్లీమీటర్ల డ్రైవర్ ఒకటి, అంటే సన్నటి పొర ఊగి శబ్దం చేసే బుల్లి స్పీకర్, దాని వెనక అయస్కాంతం, చుట్టూ సన్నటి చిల్లులు, వాటి మీద తెల్లటి కాగితం లాంటి రింగు, వెంట్రుకంత వైర్లు. అంతే. మిగతాదంతా గాలి.

తీరా చూస్తే అసలు సంగతంతా ఆ గాలిలోనే ఉంది. సైకిల్ పంపు మూతి వేలితో మూసి పిడి నొక్కితే లోపలి గాలి ఎదురు తన్నుతుంది కదా, ఈ డొప్పలో పొర వెనక ఉన్న గాలి కూడా అంతే. పొర వెనక్కి వెళ్దామంటే గాలి తోస్తుంది, ముందుకి వెళ్దామంటే పట్టి లాగుతుంది. సన్నటి శబ్దాలకి పొర పెద్దగా కదలక్కర్లేదు. బేస్‌కి బాగా ఊగాలి, గాలి దాన్ని ఊగనివ్వదు. అందుకే ఆ చిల్లులు. పొరకి ఊపిరాడాలి, మరీ ఎక్కువా ఆడకూడదు, ఆ లెక్క కాగితం రింగు చూసుకుంటుంది.

ఇంత అర్థమైనదాన్ని వెంటనే చేసిన పని మాత్రం తెలివితక్కువది. మందుల డబ్బాలో మైక్రోపోర్ టేప్ ఉంది, మెడికల్ షాపులో పేపర్ ప్లాస్టర్ అని అడిగితే ఇచ్చేది. అమ్మకి శుక్లాల ఆపరేషన్ అయినప్పుడు కంటి మీద దూది కదలకుండా అంటించేందుకు కొన్నాం. దాన్ని ముక్కలు కోసి చిల్లులన్నిటి మీదా మూడేసి పొరలు అంటించేశాను. మూస్తే బేస్ లోపలే ఉండిపోతుంది అని ఎక్కడో మనసులో. బిగించి విన్నాను. ఉన్న కాస్తా పోయింది. పాట రేకు డబ్బాలోంచి వస్తున్నట్టుంది.

ఈసారి రెండో చివరకి. ప్లాస్టర్ పీకేశాను, దాంతోపాటు రింగు కూడా ఒలిచేశాను. అబ్బ, బేస్ వచ్చింది! ఐదు నిమిషాలు సంబరంగా విన్నాను. ఆ తర్వాత తెలిసింది, ఏ స్వరం మీటినా ఒకటే డుం. బేస్ గిటార్ మెట్లు దిగుతుంటే నాకు మాత్రం ఎవరో ఒకే మెట్టు మీద నిలబడి గెంతుతున్నట్టుంది. పొరని పట్టుకునేవాళ్లు లేకపోతే దాని ఇష్టమొచ్చిన చోట అది ఊగుతుంది. రింగులు మళ్లీ పెట్టి, సగం చిల్లుల మీద మాత్రం ఒక్క పొర పేపర్ ప్లాస్టర్ వేశాను. ఆ టేప్‌లోంచి గాలి కొంచెం కొంచెంగా పోతుంది, మాస్క్ లోంచి ఊపిరి తీసుకున్నట్టు. ఇది బాగుంది. తక్కువే, కానీ స్వరాలు విడివిడిగా ఉన్నాయి.

తర్వాత దూది. డొప్పలో పల్చగా పరిస్తే గొంతుల్లోని డబ్బా మోత తగ్గింది. ఆశకొద్దీ ఇంకొంచెం కూరితే మళ్లీ అన్నీ చప్పబడ్డాయి. సగం తీసేశాను. దీని గురించి రాయడానికి ఇంతకన్నా ఏం లేదు.

ఆ తర్వాత డొప్ప గోడల పని. ప్లాస్టిక్ పల్చన, వేలితో కొడితే టక్కుమంటుంది. డ్రైవర్ కొట్టుకుంటుంటే అది కూడా పాడుతుంది. బరువైనది, మెత్తటిది ఏదైనా అంటిస్తే నోరు మూస్తుందని, ఎదురు ఫ్లాట్ పిల్లాడి దగ్గర క్లే అడిగి తెచ్చాను. పచ్చ రంగుది తప్ప ఇవ్వనన్నాడు. పచ్చ క్లేని అప్పడంలా ఒత్తి గోడలకి అంటిస్తుంటే నాన్న వచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్నాడు.

"ఏంటమ్మాయ్ అది, రవ్వ ముద్దా?"

నాకు ముందు అర్థం కాలేదు. నాన్న ఉద్యోగంలో చేరకముందు తెనాలి దగ్గర మా ఊళ్లో మృదంగం వాయించేవాడు. భజనలకి, ఎప్పుడైనా చిన్న కచేరీకి. మృదంగం ఇంకా అటక మీద ఉంది. కచేరీకి ముందు బొంబాయి రవ్వ తడిపి, మెత్తగా పిసికి, ఎడమ వైపు తోలు నడుమ అంటించేవాళ్లట. కుడి వైపు కరణ అనే నల్లటి పూత ఎప్పుడూ ఉంటుంది, ఎడమ వైపుకి మాత్రం ఏ పూటకి ఆ పూట రవ్వే. 

"రవ్వ వెయ్యకపోతే ఎడమ పక్క డొల్ల. వేస్తే చూడూ..." అని టేబుల్ మీద మణికట్టు ఆనించి, వేళ్లతో కొట్టి, మణికట్టు ముందుకి జరిపాడు. గుంకీ అంటారు దాన్ని. చెక్క బల్ల గనక ఏం పలకలేదు. చెయ్యి మాత్రం మర్చిపోలేదు. "ముద్ద ఎక్కువైతే మొద్దుబారుతుంది, తక్కువైతే గీ అంటుంది. చిటికెడు చిటికెడు వేస్తూ కొట్టి చూసుకోవాలి. అయిపోయాక గీకి కడిగెయ్యాలి, ఉంచితే తోలు పాడు."

నేను వాదనకి దిగాను. నాన్నా, మీ రవ్వ మోగే తోలు మీదే బరువు పెట్టి శ్రుతి దించుతుంది, నా క్లే మోగకూడని గోడని మోగకుండా పట్టుకుంటుంది, రెండూ వేరు అన్నాను. "ఏదైతేనేం, కొట్టి చూసుకున్నావా?" అన్నాడు. చూసుకోలేదు. కొట్టి చూశాను. టక్ పోయి టప్ అంటోంది. ఆ పూట నెగ్గింది ఆయనే.

పదకొండున్నరకి అనుకున్నంతా అయింది. డొప్ప మూయబోతుంటే ఎడమ వైపు వైరు టంకం దగ్గర పుటుక్కున తెగింది. ఈ వైర్లతో వచ్చిన చిక్కేంటంటే, రాగి పోగుల మీద రంగు పూత ఉంటుంది. చూస్తే ఒట్టి రాగిలా ఉంటుంది కానీ ఆ పూత పోతే తప్ప టంకం అంటదు. సోల్డరింగ్ ఐరన్ మొనతో కాలుస్తూ, ముక్కు దాకా పొగ పీలుస్తూ, అరగంట. కంగారులో రెండో వైరు కూడా తెగితే రెండూ అతికించాను. విన్నాను. పాడే ఆవిడ తల మధ్యలో ఉండాల్సింది, రెండు ముక్కలై చెరో చెవి పక్కా నిలబడింది. బేస్ ఎక్కడుందో వెతుక్కోవాలి. నాకు నిజంగా టెన్షన్ వచ్చింది, డ్రైవర్ కాల్చేశానేమోనని. కాల్చలేదు. ఎడమ వైపు రెండు వైర్లూ అటుదిటూ ఇటుదటూ పెట్టేశాను. కుడి పొర ముందుకొస్తుంటే ఎడమది వెనక్కి పోతోంది. మార్చాక ఆవిడ మళ్లీ ఒక్క మనిషైంది.

భోజనానికి అమ్మ మూడుసార్లు పిలిచింది. మూడోసారి పిలుపులో పూర్తి పేరు వాడింది, లేచాను.

మధ్యాహ్నం ఫోన్లో టోన్ వినిపించే యాప్ పెట్టుకుని కూర్చున్నా. 100 హెర్ట్జ్, 80, 60, ఇక్కడి దాకా బానే ఉంది. 40 దగ్గర ఉందా లేదా అన్నట్టుంది. 30 లేదు. పొద్దుట్నుంచి పడిన పాటుకి దక్కింది ఇంతేనా అని విసుగొచ్చి, తల పట్టుకున్నట్టు రెండు డొప్పల్నీ అరచేతుల్తో గట్టిగా అదిమాను. 40 ఒక్కసారి పొంగుకొచ్చింది. చేతులు తీశాను, పోయింది. అదిమాను, వచ్చింది. అలా పదిసార్లు చేసి ఉంటాను. అమ్మ చూసి "తలనొప్పా?" అంది.

చెవికీ పొరకీ మధ్య ఉన్న గాలి బిగించిన డబ్బాలో ఉన్నట్టు ఉండాలి, అప్పుడే పొర కదలిక చెవిలో ఒత్తిడి అవుతుంది. ఎక్కడైనా సందు ఉందంటే ముందు జారిపోయేది బేసే. అది తాపీగా ఊగుతుంది గనక గాలికి ఆ సందులోంచి తప్పుకునేంత టైమ్ దొరుకుతుంది. సన్నటి శబ్దాలకి ఆ తీరిక ఉండదు. అందుకే గొంతులు బాగానే ఉండి బేస్ ఒక్కటే మాయమవుతుంది. నేను పొద్దుట్నుంచి పొర వెనక గాలితో కుస్తీ పడుతున్నాను, కారిపోతున్నది ముందు గాలి.

కళ్లజోడు తీసేశాను. 40 కాస్త బలపడింది. కొత్త ఫ్రేమ్ కాడలు లావు, మెత్తని ఎత్తి పట్టి చెవి ముందూ వెనకా సందు చేస్తున్నాయి. కానీ అదొక్కటే అయితే ఇంత తేడా ఉండదు. మెత్తని తీసి చేత్తో పట్టుకుని చూస్తే గుర్తొచ్చింది. మేలో చెమటకి చెవులు ఉడికిపోతున్నాయని తోలు లాంటి పాత మెత్తలు తీసేసి, వెల్వెట్ గుడ్డవి తెప్పించుకున్నాను. చల్లగా ఉన్నాయని అందరికీ చెప్పాను కూడా. చల్లగా ఉండవా మరి, గాలి ఆడుతోంది కదా! బేస్ పోయిందని నేను తిట్టడం మొదలుపెట్టింది కూడా సరిగ్గా అప్పట్నుంచే.

పాత మెత్తలు అలమారా అడుగున ఛార్జర్ల కట్ట కింద దొరికాయి. పైపొర పగిలి నల్లటి పొట్టు రాలుతోంది, కానీ లోపలి స్పాంజి మెత్తగానే ఉంది. తొడిగాను. 40 నిలబడి ఉంది. 30 కూడా, వినపడ్డమో కుదుపో చెప్పలేను, ఉంది. పాట పెట్టాను. బేస్ గిటార్ మెట్లు దిగింది, ఒక్కో మెట్టూ.

మరి పొద్దుటి పనంతా దండగేనా అని కుడి వైపు ప్లాస్టర్, క్లే, దూది తీసి, ఎడమ వైపు ఉంచి విన్నాను. తేడా ఉంది. ఎడమ వైపు బిగుతుగా, శుభ్రంగా ఉంది, కుడి వైపు కొంచెం డబ్బా మోత. అందుకని కుడి వైపుకి మళ్లీ అన్నీ పెట్టాను. ఇదీ అదీ కలిపి లెక్కేస్తే రూపాయిలో బారాణా ఆ చిరిగిన మెత్తలది, చారాణా నాది. క్లేతో హెడ్‌ఫోన్స్ బరువెక్కాయి, గంట విన్నాక మెడకి తెలుస్తోంది. ఎడమ డొప్ప సందులోంచి పచ్చ రంగు కొద్దిగా కనపడుతోంది కూడా.

నాన్నకి పెట్టి వినిపించాను. కళ్లజోడు తీసెయ్ అని నేను చెప్పేలోపు తానే తీసి జేబులో పెట్టుకున్నాడు. ఏదైనా మృదంగం పెట్టమన్నాడు. తని ఆవర్తనం, కచేరీలో మృదంగం ఒక్కటే వాయించే భాగం, ఒకటి పెట్టాను. కాసేపు విని, "ఈయన రవ్వ కొంచెం ఎక్కువేశాడు" అన్నాడు. అదో నా ప్లాస్టరో నాకెలా తెలుస్తుంది?

గాలి పోని మెత్తలు కొత్తవి ఆర్డర్ పెట్టాను, గురువారం వస్తాయట. వేసవికి వెల్వెట్‌వి దాచి ఉంచాను, మేలో చెమట కన్నా బేస్ ముఖ్యం అనుకునేంత ధైర్యం నాకు లేదు.

ఇందాక అన్నానికి కూర్చుంటే అమ్మ కొంగుతో నా చెవి కింద గట్టిగా తుడిచి, "ఏంటే ఈ మసి?" అంది. గురువారం దాకా ఇంతే అన్నాను.